ఐలయ్య పైవరస పళ్ళు

మా ఇంటి ఓనరు ఐలయ్య గారికి తన కళ్ళంటే ఎంత గర్వమో, నోరంటే అంత నిర్లక్ష్యం. ఈ రెండూ ఒక్క మొహంలోనే ఎలా కాపురం చేస్తున్నాయా అని నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను.

శంషాబాద్‌లో ఆయన మేడమీది వాటాలో మేం దిగి చాలా ఏళ్ళయింది. మావారు జగన్మోహనరావు గారు ఎయిర్‌పోర్టులో కార్గో ఆఫీసులో పనిచేస్తారు. నేను దగ్గర్లోని ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మాది తెనాలి. "మీరు మాట్లాడ్తుంటే రేడియోల వార్తలు ఇన్నట్టే ఉంటది టీచరమ్మా" అని ఐలయ్య గారి భార్య పోచమ్మ మొదటి రోజే అంది. అది మెచ్చుకోలో వెక్కిరింతో నాకు ఇప్పటికీ తెలీదు.

ఐలయ్య గారి ఉద్యోగం పిట్టల్ని తోలడం. నవ్వకండి. నేనూ మొదట నవ్వి, తర్వాత మావారు వివరంగా చెప్పాక నోరు మూసుకున్నాను. రన్‌వే పక్కన గడ్డిలో పురుగుల కోసం తీతువులు వాలతాయి. ఎలకల కోసం గద్దలు తిరుగుతాయి. నాలుగు చినుకులు పడితే చాలు, కొంగలు పెళ్ళివారిలా గుంపుగా దిగుతాయి. వాటిలో ఏ ఒక్కటి విమానం ఇంజన్లో పడ్డా కొంప మునుగుతుంది. అందుకని ఒక కాంట్రాక్టరు కింద కొందరు జీపులో తిరుగుతూ, చప్పుళ్ళు చేసీ టపాకాయలు పేల్చీ వాటిని లేవగొడుతుంటారు. చిన్నతనంలో ఆ చుట్టుపక్కలే జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన మనిషికి ఇదేమంత కొత్త పని కాదు. "అప్పుడు జొన్నలకు కావలి, ఇప్పుడు ఇమానాలకు కావలి. పిట్టలు మాత్రం గవే" అంటారాయన.

జీపులో మిగతావాళ్ళు దుర్భిణీ సర్దుకునేలోపే ఐలయ్య గారు "అగో, గద్ద" అనేస్తారట. ఈ సంగతి మాకు వేరెవరూ చెప్పనక్కర్లేకుండా ఆయనే సాయంత్రాలు అరుగు మీద కూర్చుని చెబుతారు. అంతటితో ఆగరు. "గగన్‌పహాడ్ దిక్కు చూడుండ్రి సారూ, గదేదో తిరుగుతున్నది" అంటారు. మేం చూస్తే అటువైపు పొగా, దుమ్మూ తప్ప ఏమీ ఉండదు. మావారు మర్యాదకి "ఆఁ ఆఁ, కనబడుతోంది" అంటారు. నేను అనను. పోచమ్మ లోపల్నించే కేకేస్తుంది.

"ఆకాశంల గద్ద కనబడ్తది గాని, కండ్ల ముంగటి ఉప్పుడబ్బ కనబడది ఈ మనిషికి!"

ఇక నోటి సంగతి. పొద్దున్నే పెరట్లో పంపు దగ్గర నిలబడి పొగాకు పొడి వేలికి అద్దుకుని పళ్ళు రుద్దుతారు. ఆ రుద్దుడుకి తోడు ఒక దగ్గు ఉంది. మా వీధిలో అలారం పెట్టుకునే అలవాటు ఎవరికీ లేకపోవడానికి ఆ దగ్గే కారణం. ఉమ్మితే ఎర్రగా పడేది. "పండ్లకెల్లి రక్తం వస్తున్నది, చూపించుకో" అని పోచమ్మ అంటే "వేడి చేసిందే" అనేవారు. ఆయనకి ప్రపంచంలోని రోగాలన్నీ వేడి వల్లే వస్తాయి. చలికాలంలో వచ్చినవి కూడా.

చిగుళ్ళు వెనక్కి జారిపోయి పళ్ళు గుర్రప్పళ్ళలా పొడుగ్గా కనబడేవి. జొన్నరొట్టె అంచులు తుంచి పక్కన పెట్టి, మెత్తటి భాగం పప్పులో నానేసుకుని తినేవారు. ఆయన ఏదైనా రహస్యం చెప్పడానికి దగ్గరికి వస్తే మాత్రం నేను గుమ్మం దాకా వెనక్కి జరిగేదాన్ని. రహస్యాల మీద నాకు ఆసక్తి లేక కాదు.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను.

"ఐలయ్య గారూ, పళ్ళ డాక్టరుకి ఒక్కసారి చూపించుకోండి. పుచ్చిన పన్ను తీసేస్తే హాయిగా ఉంటుంది."

"అమ్మో, ఆ మాట మాత్రం చెప్పకు టీచరమ్మా" అన్నారాయన, నేను విషం తాగమన్నట్టు చూసి. "కింది పండ్లయితే సరే అనుకో. పై పండ్ల నరాలు సీదా కండ్లకు పోతయ్. పన్ను పీకితే చూపు పోతది. మా అవ్వ కొండమ్మకు గట్లనే అయింది. పహాడీ షరీఫ్ తొవ్వల ఒకడు కూసోని పండ్లు పీకెటోడు. పై పన్ను పీకిండు. ఏడాది తిరగకముందే అవ్వకు చూపు పోయింది."

"అప్పటికి ఆవిడ వయసెంత?"

"డెబ్బై దాటినయ్."

"మరి అది శుక్లం, అదే మీరనే మోతిబిందు, అయి ఉంటుంది కదండీ!"

"పన్ను పీకకపోతే మోతిబిందు ఎందుకొస్తది?" అని నన్నే ఎదురడిగారు.

పకపకా నవ్వుదామనుకున్నాను గానీ ఆగిపోయాను. ఎందుకంటే తెనాలిలో మా అత్తగారి శాస్త్రం కూడా అక్షరాలా ఇదే. కృష్ణకి అటూ ఇటూ మనవాళ్ళు దేనిమీదైనా ఏకాభిప్రాయానికి వచ్చారంటే అది ఈ పై పన్ను మీదే.

పోయినేడు వానాకాలం చివర్లో ఐలయ్య గారికి జ్వరం మొదలైంది. పెద్ద జ్వరం కాదు. సాయంత్రం అయ్యేసరికి కాస్త ఒళ్ళు వెచ్చబడటం, వణుకు, తెల్లారేసరికి చెమట. మందుల షాపులో గోలీలు తెచ్చుకుంటే తగ్గేది, ఆపితే మళ్ళీ వచ్చేది. పోచమ్మ మిరియాల కషాయం కాచింది, దిష్టి తీసింది, రెండూ పనిచేయలేదని ఇద్దర్నీ తిట్టింది, అంటే మిరియాల్నీ మొగుణ్ణీ. ఆయన మాత్రం జ్వరంతోనే డ్యూటీకి పోయేవారు. "వానలు పడ్డయ్, కొంగలు మస్తు దిగుతున్నయ్. నేను లేకుంటే గీళ్ళకేం కనబడ్తది?" అనేవారు. చిక్కిపోయి, బెల్టుకున్న రంధ్రాలు చాలక కొత్తవి పొడుచుకున్నారు. మా మెట్లు సగం ఎక్కి, మధ్యలో కూర్చుని ఆయాసపడుతున్న రోజున మావారు ఇంకేమీ వినకుండా ఆయన్ని కార్లో ఎక్కించి సిటీలోని పెద్ద దవాఖానకి తీసుకెళ్ళారు. పోచమ్మా నేనూ వెనక కూర్చున్నాం.

అక్కడ రక్తం తీశారు, గుండెకి స్కానింగ్ చేశారు. తర్వాత గుండె డాక్టరు వచ్చి, ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "నోరు తెరవండి" అన్నారు.

ఐలయ్య గారు నోరు తెరవలేదు. ఛాతీ మీద చెయ్యి వేసి చూపించారు.

"సారూ, గుండె గీడున్నది."

"తెలుసు. మీరు నోరు తెరవండి."

ఆయన అనుమానంగా తెరిచారు. డాక్టరు టార్చి వేసి చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు. నాకెందుకో ఆ డాక్టరు మీద సానుభూతి కలిగింది.

రెండు రోజుల తర్వాత రక్తం పరీక్ష ఫలితం వచ్చాక ఆ డాక్టరు మంచం పక్కన కూర్చుని మా అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. ఐలయ్య గారి గుండెలో ఒక కవాటం, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులాంటిది, చిన్నప్పుడెప్పుడో దెబ్బతిని గరుకుగా ఉంది. చిన్నతనంలో కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగారు. "మోకాళ్ళు వాసి మంచంల పడ్డడని మా అత్త చెప్పేది" అని పోచమ్మ అంది. "అదే, ఆ జ్వరమే కవాటాన్ని చెడగొట్టింది" అన్నారు డాక్టరు. చిగుళ్ళలో చీము ఉన్న మనిషి నమిలినా, పళ్ళు రుద్దినా, అక్కడి క్రిములు రక్తంలోకి జారతాయి. మామూలు గుండెలో అవి నిలవవు, కొట్టుకుపోతాయి. ఈ గరుకు కవాటం మీద మాత్రం పట్టు దొరికి, కూర్చుని, సంసారం పెట్టాయి. ఈ జ్వరం వాటిదే. రక్తంలో దొరికిన క్రిమి నోట్లో ఉండే జాతిదే.

"చిగుళ్ళు పాడైన ప్రతివాళ్ళకీ ఇలా అవుతుందా అండీ?" అని మావారు కంగారుగా అడిగారు. అడుగుతూ నాలికతో తన పళ్ళు తడుముకోవడం నేను చూశాను.

"ఇలా అందరికీ కాదు. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో గుండెజబ్బులు కాస్త ఎక్కువగా కనబడుతున్న మాట నిజం. దానివల్లే ఇది వస్తోందా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. ఈయన సంగతి మాత్రం తేలిపోయింది" అన్నారు డాక్టరు.

నెలకి పైగా నరంలోకి మందు ఎక్కించారు. జ్వరం పోయింది. కానీ కవాటం బాగా కారుతోంది, ఆపరేషన్ చేసి మార్చాలన్నారు. గుండె కోయడం అనేసరికి పోచమ్మ ఉన్న దేవుళ్ళందరికీ మొక్కేసింది. ఐలయ్య గారు మాత్రం నిబ్బరంగా, "కొయ్యిండ్రి సారూ. మీ చేతుల పెట్టిన" అన్నారు.

"అయితే ముందు నోరు బాగుపడాలి. కొత్త కవాటం పెట్టాక ఆ చిగుళ్ళలోంచి మళ్ళీ క్రిములు వస్తే రెండోసారి మేమేమీ చేయలేం. పైవరసలో మూడు పళ్ళు తీసేయాల్సిందే. మిగతావి శుభ్రం చేస్తారు. పళ్ళ డాక్టరు సరేనన్నాకే నేను కత్తి పట్టుకుంటాను."

ఐలయ్య గారి మొహం మారిపోయింది. "పై పండ్లా?" అని అడిగారు. వెంటనే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఇంటికొచ్చాక పోచమ్మ నా దగ్గర కూర్చుని నెత్తి కొట్టుకుంది. "గుండె కోస్తమంటే సై అన్నడు టీచరమ్మా. పన్ను పీకుతమంటే ససేమిరా అంటున్నడు. గిసొంటి మనిషిని నువ్వేడన్న చూసినవా?"

చూడలేదు. కాబట్టి ఆయన్ని దారికి తేవడం నా బాధ్యత అనుకున్నాను. పాతికేళ్ళుగా పిల్లలకి భిన్నాలు చెప్పినదాన్ని, ఒక పెద్దమనిషికి పన్ను సంగతి చెప్పలేనా అనిపించింది. కాగితం మీద తలకాయ బొమ్మ వేసి, పంటి నరం ఇటు, కంటి నరం అటు అని రెండు రంగుల్లో గీసి చూపించాను. ఆయన శ్రద్ధగా చూశారు. "బొమ్మ మంచిగేసినవ్" అన్నారు. "గని మా అవ్వ తలకాయ గిట్ల లేకుండె" అని ముగించారు.

పైగా పరామర్శకి వచ్చిన యాదగిరి ఒకడు. జీపులో ఈయనతో పాటు పిట్టల్ని తోలే మనిషి. "మా మామకు గూడ గంతే అన్నా. పై పన్ను పీకిచ్చుకున్నంక పేపర్ చదవరాకపోయె" అన్నాడు. ఆ మామకి అసలు చదువు వచ్చా అని నేను అడిగితే తల గోక్కున్నాడు. రాదట. అయినా ఐలయ్య గారికి కావలసిన సాక్ష్యం దొరికిపోయింది.

రోజులు గడుస్తున్నాయి. పంపు దగ్గరికి నడిస్తే ఆయాసం, పడుకుంటే ఆయాసం. దవాఖాన నుంచి ఫోన్లు వస్తున్నాయి. మళ్ళీ జ్వరం వస్తే ఈసారి ఎవరూ ఏమీ చేయలేరని డాక్టరు మావారితో సూటిగా చెప్పారు. నాకు నిజంగా కోపం వచ్చింది. కిందికి దిగి, అరుగు మీద కూర్చున్న ఐలయ్య గారి ముందు నిలబడి, "మీకు మొండితనం తప్ప ఇంకేం లేదండీ. మీ ప్రాణం కన్నా మూడు పుచ్చుపళ్ళు ఎక్కువయ్యాయా?" అని అరిచాను.

ఆయన నొచ్చుకోలేదు. చాలా నెమ్మదిగా అన్నారు.

"పండ్లు గాదు టీచరమ్మా. నేను సదువుకోలే. ఎవుసం పోయింది. మంచె ఎక్కినప్పటిసంది నాకొచ్చిన ఇద్దె ఒక్కటే, చూసుడు. పానం నిలిచి, చూపు పోయిందనుకో. ఇగ నేనెవన్ని? కండ్లు లేని కావలోన్ని ఎవలు పెట్టుకుంటరు? గోడకానుకోని కూసుండి, ఎవలొచ్చిండ్రు, ఎవలొచ్చిండ్రు అని అడిగెటోన్ని. మా అవ్వ గట్లనే అడిగేది."

అంతవరకూ అది మూఢనమ్మకం అనుకున్నాను. మూఢనమ్మకమే. కానీ దాని వెనక అంత భయం ఉందని నాకు తట్టనే లేదు.

గుమ్మంలో చాట పట్టుకుని బియ్యం ఏరుతున్న పోచమ్మ ఆ చాట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ రోజూ తిట్టే గొంతు కాదది.

"చూపు పోతే పోనీ తియ్యి" అంది. "నీ చెయ్యి పట్టుకోని నేను నడిపిస్త. ఏది వచ్చిందో, ఏది పోయిందో అన్నీ నేనే చెప్త. గద్ద అంటే గద్ద, కొంగ అంటే కొంగ. నువ్వే పోయినవనుకో, నేనెవలి చెయ్యి పట్టుకోవాలె? గది చెప్పు ముందు. చెప్పి, నీ పండ్లు నువ్వే దాసుకో."

ఐలయ్య గారు తల వంచుకుని తన అరిచేతులు చూసుకున్నారు. "రేపు పోదం" అన్నారు.

గుండె ఆపరేషన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు అక్కడే ఉంటుంది. అది మరుసటి నెలలో జరిగింది, సవ్యంగా జరిగింది. అందులో చెప్పుకోవడానికేం లేదు, ఎందుకంటే ఆయన హాయిగా నిద్రపోయారు. అసలు యుద్ధమంతా పళ్ళ డాక్టరు కుర్చీలోనే అయింది.

శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద బేకరీ పైన డాక్టర్ సంయుక్త అనే అమ్మాయి క్లినిక్ ఉంది. గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, క్రిములు గుండెకి చేరకుండా వేసే మందు గంట ముందే మింగించి, ఐలయ్య గారిని కుర్చీలో వెనక్కి పడుకోబెట్టింది. చిగుళ్ళకి మత్తు ఇచ్చింది. దీపం మొహం మీదికి తిప్పింది.

"కళ్ళు మూసుకోండి అంకుల్, లైటు గుచ్చుకుంటుంది."

"ముయ్య" అన్నారాయన.

"పోనీ ఈ నల్లద్దాలు పెట్టుకోండి."

"వద్దు బిడ్డా. చూపు పోతే పోతున్నదని నాకు తెల్వాలె గదా."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

మొదటి పన్ను ఊడి గిన్నెలో టంగున పడింది. ఐలయ్య గారు చెయ్యెత్తి ఆగమని, కుర్చీలోంచి సగం లేచి, కిటికీలోంచి కరెంటు తీగల వైపు చూశారు. "కాకి" అన్నారు దూది నోటితో. నిజంగానే కాకి. మళ్ళీ పడుకున్నారు. రెండో పన్ను ఊడింది. మళ్ళీ లేచారు. ఎదురు మేడ మీద గూట్లో ఏదో కదిలింది. "పావురం. రెండున్నయ్" అన్నారు. నాకు ఒకటే కనబడింది. కళ్ళజోడు సర్దుకుని చూస్తే రెండోది కూడా ఉంది. డాక్టరమ్మాయి ఓపికని మెచ్చుకోవాలి. ఇన్నేళ్ళ చదువులో పిట్టలతో పళ్ళు లెక్కపెట్టడం ఆమెకి ఎవరూ నేర్పి ఉండరు.

మూడోది మొండిది. వేరు దగ్గర పట్టుకుని కూర్చుంది. బయటికి వచ్చేసరికి డాక్టరుకి చెమట పట్టింది. ఐలయ్య గారు గాభరాగా లేచి కిటికీ వైపు చూశారు. తీగల మీద ఏమీ లేదు. మేడ మీదా ఏమీ లేదు. కాకీ పావురాలూ ఈ రగడకి ఎప్పుడో ఎగిరిపోయినట్టున్నాయి. ఆయన కంగారుగా గదంతా కలయజూశారు. గోడ, గడియారం, నేను. చివరికి తలుపు దగ్గర నిలబడ్డ పోచమ్మ మీద ఆయన చూపు ఆగింది.

కూర్చోమంటే కూర్చోకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆవిడ మొదట్నించీ అక్కడే నిలబడి ఉంది. ఆయన దవాఖానలో ఉన్నన్నాళ్ళూ సరిగా తిండీ నిద్రా లేక ఆవిడ దవడలు పీక్కుపోయాయి. జాకెట్టు భుజాల దగ్గర జారిపోతోంది. పాపిటకి రెండు పక్కలా జుట్టు పండిపోయింది. నేను రోజూ చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఐలయ్య గారు ఆవిణ్ణి తల నించి కాళ్ళ దాకా చూశారు. దూది పక్కకి నెట్టి, తడబడుతూ అడిగారు.

"ఏందే, గింత బక్కగెప్పుడైనవ్? నెత్తి గిట్ల తెల్లగెప్పుడైంది?"

పోచమ్మ కొంగుతో మొహం తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది.

"చూపేం పోలే బిడ్డా, మంచిగనే ఉన్నది. పెండ్లయి ముప్పై ఐదేండ్లు. ఈయన నన్ను చూసుడు గిదే మొదలు."

ఆ మాట ఆవిడ నవ్వుతూనే అంది. డాక్టరమ్మాయి కూడా నవ్వింది. ఐలయ్య గారు మాత్రం నవ్వలేదు. డాక్టరు మళ్ళీ దూది పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమంటే పట్టుకుని, ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నారు.